నేలమీద నుండి లేవడం: సామూహిక యోగాభ్యాసంలో తొలి అడుగులు

వ్యాయామం ఆరోగ్యానికి అవసరమని తెలియని గృహస్థులు నేడు అరుదు. అయినా ఎందుకు చేయరని ప్రశ్నిస్తే తీరిక లేదని చాలామంది సమాధానం చెబుతారు. నాకు ఆ సాకు కూడా లేదు. జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయినిగా పనిచేసి, 62 ఏళ్ళు నిండి విరమించుకున్నాను. పిల్లలు స్థిరపడ్డారు. గుంటూరులో మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఒక బడి ఆవరణలో ప్రతి ఉదయం ఐదున్నరకు యోగాభ్యాసం జరుగుతుంది. రుసుము స్వల్పం. అయినప్పటికీ ఆ గేటు దాటి లోపలికి వెళ్ళడానికి నాకు చాలాకాలం పట్టింది. నన్ను ఆపినది బద్ధకం కాదు, భయం. ఏ ఆసనం వల్ల ఏ ప్రయోజనమో వివరించే వ్యాసాలు ఎన్నో వచ్చాయి గాని, నలుగురి ఎదుట మొదటిరోజు నిలబడవలసిన మనిషి గుండెదడను గూర్చి వ్రాసినవారు తక్కువ. నావంటి సోదరీమణులు ఎందరో ఉంటారన్న నమ్మకంతో ఈ అనుభవాన్ని వ్రాస్తున్నాను.

2025 మే 21 నుండి జూన్ 21 వరకు మన రాష్ట్రమంతటా ‘యోగాంధ్ర’ పేరిట నెలరోజుల కార్యక్రమం జరిగిన సంగతి పాఠకులకు తెలిసినదే. చివరి రోజున విశాఖ సాగరతీరంలో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ సమక్షంలో మూడు లక్షలమందికి పైగా ఒకేసారి ఆసనాలు వేశారు. పదేళ్ళ క్రితం, 2015 జూన్ 21న తొలి అంతర్జాతీయ యోగా దినం నాడు ఢిల్లీ రాజ్‌పథ్‌లో 35,985 మంది పాల్గొన్నందుకే అది ప్రపంచ రికార్డుగా నమోదైంది. విశాఖ దృశ్యాన్ని టీవీలో చూస్తూ మావారు ఎంతో సంతోషించారు. నాకు మాత్రం ఉత్సాహం కంటె బెరుకే ఎక్కువ కలిగింది. అన్ని వరుసలు ఒక్కసారి వంగుతున్నాయి, ఒక్కసారి లేస్తున్నాయి. అందరూ లేచిన తరువాత నేనొక్కదాన్నే నేలమీద మిగిలిపోతే?

అసలు భయం అదే. వంగలేకపోవడాన్ని గురించి నాకు చింత లేదు. అరవై దాటినవారు వంగలేదని ఎవరూ నవ్వరు. పడుకోమన్నప్పుడు పడుకుని, లేవమన్నప్పుడు లేవలేక, కొంగు సర్దుకుంటూ ఎవరి చేయో పట్టుకోవలసి వస్తుందేమోనన్నదే నా దిగులు.

నేలకు ఎలా దూరమయ్యాం?

నా బాల్యం పర్చూరు సమీపంలో నల్లరేగడి పొలాల మధ్య ఒక పల్లెలో గడిచింది. నేను పుట్టినప్పుడు అది గుంటూరు జిల్లా. 1970లో కొత్త జిల్లా ఏర్పడి, తరువాత దానికి ప్రకాశం పేరు వచ్చింది. 2022 నుండి మా ఊరు బాపట్ల జిల్లా. ఊరు కదలలేదు, చిరునామా మూడుసార్లు మారింది! చుట్టూ పత్తి, మిరప, పొగాకు. ఆ ఇంట్లో పనులన్నీ నేలమీదే. పొయ్యి నేలమీద. కత్తిపీట నేలమీద. రోలు, తిరగలి, కవ్వం అన్నిటికీ కూర్చోవలసిందే. భోజనం పీటలమీద. మాఘ ఫాల్గుణాలలో కల్లం నుండి వచ్చిన ఎండుమిరపకాయల రాశి చుట్టూ కూర్చుని తాలుకాయలు ఏరడం, తొడిమలు తీయడం ఇంటిల్లిపాదికీ పని. మా అమ్మ ఉదయం నుండి రాత్రి వరకు ఎన్నిసార్లు కూర్చుని లేచేదో ఆ తల్లికే తెలియదు. దానిని ఆమె వ్యాయామం అనుకోలేదు, అనుకోవలసిన అవసరమూ రాలేదు.

ఈనాడు నా ఇంట్లో గ్యాసు పొయ్యి అరుగుమీద ఉంది. రోటి స్థానంలో మిక్సీ, పీటల స్థానంలో భోజనాల బల్ల, పడకకు ఎత్తయిన మంచం, మరుగుదొడ్డిలో కుర్చీవంటి బేసిను. సత్యనారాయణ వ్రతానికి సైతం దంపతులకు కుర్చీలు వేయించుకుంటున్నాం. వీటిలో ఏదీ తప్పని అనను. మోకాళ్ళ నొప్పులు ఉన్నవారికి ఇవి వరాలే. కాని తుంటి, తొడ, పిక్కల కండరాలకు, ముఖ్యంగా లేచేటప్పుడు దేహభారాన్ని ఎత్తే తొడ ముందరి కండరానికి, రోజూ జరిగే సాధన పోయింది. వాడని కండరం క్షీణిస్తుంది. వయస్సుతో ఎలాగూ తగ్గే బలం ఇంకా వేగంగా తగ్గుతుంది.

దీనిని కొలవడానికి బ్రెజిల్ దేశపు వైద్యుడు క్లాడియో జిల్ అరౌజో ఒక సులభమైన పరీక్షను ప్రచారంలోకి తెచ్చారు. నేలమీద కూర్చోవడానికి 5 మార్కులు, లేవడానికి 5 మార్కులు. చేయి, మోచేయి, మోకాలు వంటి ఆధారం ఒక్కొక్కటి వాడినప్పుడల్లా ఒక మార్కు, తూలితే అర మార్కు తగ్గించాలి. 51 నుండి 80 ఏళ్ళ మధ్య వయస్కులు 2,002 మందిని పరిశీలించి 2012లో ప్రచురించిన ఫలితాలలో, తక్కువ మార్కులు వచ్చినవారిలో ఆ తరువాతి సంవత్సరాలలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. ఇది జాతకం కాదు. లేవలేకపోవడమే మరణకారణమని కూడా దాని అర్థం కాదు. బలం, బరువు, తూకం, కీళ్ళ కదలిక అన్నిటి స్థితినీ ఒక్క కదలికలో చూపే అద్దమని గ్రహిస్తే చాలు. మంచం పక్కన, మావారు అండగా నిలబడగా, నన్ను నేను పరీక్షించుకున్నాను. కూర్చోవడంలో 3, లేవడంలో సున్నా. ఆయన చేయి పట్టుకుని లేచాను. ముప్పయ్యేళ్ళకు పైగా పిల్లలకు మార్కులు వేసిన నాకు ఆ సున్నా నిద్రపట్టనివ్వలేదు.

అంతకు ముందు సంవత్సరం మా పెద్దక్కయ్య పెరట్లో కాలుజారి పడింది. ఆమెకు డెబ్బై. ఇంట్లో ఎవరూ లేరు. ఎముక విరిగిన బాధ ఒక ఎత్తు, నాలుగు గంటలపాటు లేవలేక ఎండలో పడి ఉండడం మరొక ఎత్తు. ఆ తరువాత శస్త్రచికిత్స జరిగింది, ఇప్పుడు వాకరు సాయంతో నడుస్తున్నది. 65 ఏళ్ళు దాటినవారిలో ఏటా దాదాపు మూడోవంతు మంది ఒక్కసారైనా పడతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. పడినవారు గంటకు మించి నేలమీదే ఉండిపోతే దేహంలో నీరు తగ్గడం, ఒత్తిడికి కండరాలు నలిగి మూత్రపిండాలు దెబ్బతినడం, ఊపిరితిత్తులలో నెమ్ము చేరడం వంటి ఉపద్రవాలు కలుగుతాయి. కాబట్టి నేలమీద నుండి లేవడమన్నది ఆసనాల తరగతిలో పరువుకు సంబంధించిన విషయం మాత్రమే కాదు.

మొదటి ఉదయం

ముందుగా వైద్యుని సంప్రదించాను. నాకు రక్తపోటు ఉంది, మాత్ర వేసుకుంటున్నాను. ఆయన కొలత చూసి, తలను గుండెకంటె కిందికి వంచే ఆసనాలు, వేగంగా ఊపిరి విదిలించే కపాలభాతి ప్రస్తుతానికి వద్దని, తక్కినవి నెమ్మదిగా చేయవచ్చునని చెప్పారు. హెర్నియా, కంటిలో ఒత్తిడి పెరిగే గ్లాకోమా, గుండెజబ్బు, తలతిరుగుడు, మూర్ఛ ఉన్నవారికీ ఇదే హెచ్చరిక వర్తిస్తుంది. ఈ మాటను నేర్పేవారి చెవిన వేయకుండా వరుసలో నిలబడకూడదు.

జూలై మొదటివారం. పల్లెల్లో పత్తి విత్తనాలు వేసే రోజులు. మా కోడలి పంజాబీ డ్రస్సు వేసుకుని, పైన పెద్ద చున్నీ కప్పుకుని, తెల్లవారకముందే బయలుదేరాను. నలభైయేళ్ళుగా చీర తప్ప ఎరుగని దేహానికి వీధి మొత్తం తననే చూస్తున్నట్లు తోచింది. నిజానికి వీధిలో పాలవాడు తప్ప ఎవరూ లేరు. చేతిలో చుట్టిన జంఖానా. లోపల సుమారు నలభైమంది ఉన్నారు. బ్యాంకు ఉద్యోగులు, ఇద్దరు వైద్య విద్యార్థినులు, మిర్చియార్డులో కమీషన్ కొట్టు నడిపే పెద్దమనిషి ఒకరు, నావంటి విశ్రాంత ఉద్యోగులు. నేర్పే అమ్మాయికి ఇరవై ఆరేళ్ళుంటాయి. వెన్ను నిటారుగా, మాట ఖంగుమని.

నేను ఆమెను పక్కకు పిలిచి మెల్లగా చెప్పాను: “చూడమ్మా, రక్తపోటుంది. అదొకటి. రెండోది, నేను నేలమీద పడుకుంటే లేవలేను.”

ఆమె ఏమాత్రం ఆశ్చర్యపడలేదు. “అయితే గోడ పక్కన వేసుకోండి పిన్నిగారూ. జంఖానా ఈ గచ్చుమీద జారుతుంది, నా దగ్గర ఇంకొక చాప ఉంది, తీసుకోండి” అన్నది.

గోడ పక్కన చివరి వరుసలో అప్పటికే ఐదారుగురు సర్దుకుని ఉన్నారు. ఆ వరుసకు అంత గిరాకీ ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఆయుష్ మంత్రిత్వశాఖ రూపొందించిన ఉమ్మడి యోగాభ్యాస క్రమాన్నే అక్కడ అనుసరిస్తారు. మొత్తం 45 నిమిషాలు. ప్రార్థన, మెడ భుజాలు నడుము మోకాళ్ళ సడలింపు, నిలబడి చేసే తాడాసనం, వృక్షాసనం, పాదహస్తాసనం, అర్ధచక్రాసనం, త్రికోణాసనం. తరువాత కూర్చుని భద్రాసనం, వజ్రాసనం మొదలైనవి. ఆపైన బోర్లా, వెల్లకిలా. కపాలభాతి, ప్రాణాయామం, ధ్యానంతో ముగింపు. వృక్షాసనంలో ఒంటికాలిమీద నిలబడవలసినప్పుడు గోడకు చేయి ఆనించాను. పాదహస్తాసనంలో వంగక, చేతులు నడుముమీద ఉంచుకుని ఊపిరి చూసుకుంటూ నిలబడ్డాను. ముప్పై తొమ్మిదిమంది వంగి ఉండగా ఒక్కరు నిలబడడం ఎంతసేపైనా అనిపిస్తుంది. గడియారంలో మాత్రం అర నిమిషం కూడా కాలేదు.

శవాసనం వచ్చింది. పడుకున్నాను. ఎంతో హాయిగా ఉండవలసిన ఆ నాలుగు నిమిషాలూ నాకు పైకప్పు తప్ప ఏమీ కనిపించలేదు. ఇక లేవాలి అనుకుంటుండగా ఆ అమ్మాయి గొంతు వినిపించింది: “ఎవరూ ఒక్కసారిగా లేవవద్దు. ఈ రోజు లేవడమే ఆసనం. నేను చెప్పినట్లు అందరూ నెమ్మదిగా చేయండి.” వరుసగా ఒక్కొక్క మెట్టు చెప్పింది. పక్కకు తిరిగి చూద్దును గదా, మా చివరి వరుసలో అందరి చేతులూ గోడను తడుముతున్నాయి. మిర్చియార్డు పెద్దమనిషి మొదటి వరుసలో రెండు మోకాళ్ళూ పట్టుకుని ‘అమ్మా’ అని మూలిగారు. వైద్య విద్యార్థినులలో ఒకమ్మాయి తూలి రెండోదాని భుజం పట్టుకున్నది. నేను ఆఖరున లేచాను. ఎవరూ చూడలేదు, ఎవరి అవస్థలో వారున్నారు.

ఆ లేచే పద్ధతిని ఇక్కడ కొంచెం వివరంగా వ్రాస్తాను. వెల్లకిలా ఉన్నవారు ముందుగా మోకాళ్ళు మడిచి కుడిపక్కకు దొర్లాలి. అక్కడ మూడు నాలుగు శ్వాసలు ఆగాలి. రక్తపోటు మాత్రలు వేసుకునేవారికి హఠాత్తుగా లేస్తే కళ్ళు తిరుగుతాయి, ఈ విరామం అందుకే. పిమ్మట కింది మోచేతిని, పై అరచేతిని నేలకు నొక్కుతూ మొండెం ఎత్తాలి. అక్కడినుండి పసిపిల్లలు పాకే భంగిమలోకి, అంటే రెండు చేతులు రెండు మోకాళ్ళ మీదికి రావాలి. మోకాలి కింద మడిచిన దుప్పటి ఉంటే నొప్పి ఉండదు. పాకుతూ గోడకు ఆనించిన బరువైన కొయ్య కుర్చీని చేరి, రెండు చేతులూ దాని సీటుమీద ఉంచాలి. తేలికైన ప్లాస్టిక్ కుర్చీ పనికిరాదు, బోల్తాపడుతుంది. రెండు కాళ్ళలో బలమైన దానిని ముందుకు తెచ్చి పాదం పూర్తిగా నేలకు ఆనించి, చేతులతోను ఆ కాలితోను నొక్కుతూ లేవాలి. లేచాక వెంటనే నడవక కొన్ని క్షణాలు కుర్చీ పట్టుకుని నిలబడాలి. మోకాలు, తుంటి కీలు మార్పిడి చేయించుకున్నవారు మాత్రం తమ వైద్యుడు లేదా ఫిజియోథెరపిస్టు చూపిన విధంగానే చేయాలి. మొదటి వారం పది రోజులు ఇంట్లో ఎవరైనా పక్కన ఉన్నప్పుడే సాధన చేయడం మంచిది.

సగం బలం

మన ప్రాచీనులు వ్యాయామాన్ని ఎంత మెచ్చుకున్నారో అంత హెచ్చరించారు కూడా. దేహానికి తేలికదనం, పనిచేసే సామర్థ్యం, జఠరాగ్ని దీప్తి, కొవ్వు తగ్గుదల, అవయవాల గట్టిదనం వ్యాయామం వల్ల కలుగుతాయని వాగ్భటాచార్యులు అష్టాంగహృదయంలో దినచర్యాధ్యాయంలో చెప్పారు. అయితే బలవంతులూ, నెయ్యి నూనెలతో కూడిన ఆహారం తినేవారూ సైతం చలికాలంలోను వసంతంలోను తమ శక్తిలో సగం వరకే చేయాలని, ఇతర ఋతువులలో ఇంకా తగ్గించాలని అక్కడే నియమించారు. ఆ సగం ఎక్కడ పూర్తవుతుంది? నుదుట, ముక్కుమీద, చంకల్లో, కీళ్ళవద్ద చెమట పట్టడం, నోరు ఎండడం, నోటితో ఊపిరి తీయవలసి రావడం దాని గుర్తులని శాస్త్రం. ఆధునికులు చెప్పే పరీక్ష దాదాపు ఇదే. పక్కవారితో మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి.

మితిమీరితే దప్పిక, క్షయం, ఆయాసం, రక్తపిత్తం, దగ్గు, జ్వరం, వాంతి కలుగుతాయని కూడా వాగ్భటుడు హెచ్చరించాడు. అతిగా శ్రమించేవాడు ఏనుగును ఈడ్చుకుపోబోయిన సింహంవలె నశిస్తాడట. ఆ సింహాన్ని నేను రెండోవారంలో చూశాను. మిర్చియార్డు పెద్దమనిషికి పక్కనున్న యువకుణ్ణి కపాలభాతిలో మించాలన్న పట్టుదల కలిగింది. కొంతసేపటికి కళ్ళు తిరిగి చాపమీద వాలిపోయారు. ఆ అమ్మాయి పరుగున వచ్చి, కాళ్ళు ఎత్తుగా పెట్టించి, ఊపిరి మామూలయ్యాక, “బాబాయిగారూ, ఇక్కడ వేలంపాట లేదు” అన్నది. ఆయనతో సహా అందరమూ నవ్వాము. సామూహిక వ్యాయామంలోని ప్రమాదం ఇదే. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు దేహం వద్దంటే మానేస్తాం. నలుగురిలో ఉన్నప్పుడు పక్క చాప చెప్పినట్లు చేస్తాం. నా అభిప్రాయంలో తరగతికి వెళ్ళేవారు అన్ని ఆసనాలకంటె ముందు నేర్వవలసినది, మధ్యలో ఆగి కూర్చోవడం.

ఋతువు సంగతి మన ప్రాంతీయులు మరింత గమనించాలి. గ్రీష్మంలో ఉప్పు, కారం, పులుపు, వ్యాయామం, ఎండ, ఈ ఐదింటినీ విడువమన్నారు శాస్త్రకారులు. గుంటూరువారికి మొదటి మూడూ విడవడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు! ఒక విశేషం చెప్పాలి. ఆ గ్రంథాలలో కారమంటే మిరియం, శొంఠి, పిప్పలి. మన మిరపకాయ అమెరికా ఖండం నుండి పోర్చుగీసువారి ద్వారా పదహారవ శతాబ్దంలో గాని ఈ దేశానికి రాలేదు. వర్షాకాలంలోను పగటినిద్ర, అతిశ్రమ, ఎండ కూడదని చెప్పారు. నేను జూలైలో చేరాను గనుక సగంలో సగంతో ఆరంభించాను. మే నెలలో అభ్యాసం చేయదలచినవారు సూర్యోదయానికి ముందే ముగించి, శీతలీ ప్రాణాయామం కలుపుకోవడం మేలు. నాలుకను గొట్టంవలె చుట్టి దానిగుండా గాలి పీల్చి, ముక్కుతో విడవడం శీతలి. జలుబు, దగ్గు, గొంతువాపు ఉన్నప్పుడు చేయరాదు.

మూడోవారంలో మా వరుసలోకి ఒక కొత్త మనిషి వచ్చింది. శీతల గిడ్డంగిలో మిరపకాయల తొడిమలు తీసే పని ఆమెది. నా ఈడుదే. భద్రాసనంలో పాదాలు కలిపి కూర్చోమంటే తామరపువ్వువలె కూర్చున్నది, తక్కినవారం మోకాళ్ళు గాలిలో పెట్టుకుని ఆమెవంక చూశాము. లేవడంలో ఆమెకు పదికి తొమ్మిది మార్కులు వేయవచ్చు. కాని తాడాసనంలో చేతులు చెవులదాకా ఎత్తలేకపోయింది. పొద్దస్తమానం ముందుకు వంగి చేసే పనివల్ల భుజాలు, పైవీపు బిగుసుకుపోయాయి. “నాకు యాయామం ఎందుకమ్మగారూ, ఒళ్ళు ఇరగ పనిచేస్తన్నా గదా అనుకున్నా. ఈపు నెప్పికి డాక్టరుగారు పంపిస్తే వచ్చా” అన్నది. శ్రమ వేరు, వ్యాయామం వేరు. స్థైర్యాన్ని, బలాన్ని పెంచేందుకు ఇష్టపూర్వకంగా చేసే దేహచేష్టే వ్యాయామమని చరకసంహిత నిర్వచనం. కూలికోసం రోజంతా ఒకే తీరున చేసే పని బలాన్ని తినేస్తుంది. ఆమెకు ఆ అమ్మాయి పాదహస్తాసనం తగ్గించి, వెనుకకు వంగే భుజంగాసనం, అర్ధచక్రాసనం ఎక్కువ చేయించింది.

ఆమె వద్ద నేనొక చిట్కా నేర్చుకున్నాను. మిరపకాయలు తాకిన చేతులను ముందు నీళ్ళతో కడగదు. నువ్వుల నూనె గాని కొబ్బరి నూనె గాని బాగా పట్టించి, గుడ్డతో తుడిచి, అప్పుడు సబ్బుతో కడుగుతుంది. మిరపలోని మంట కలిగించే పదార్థం నీటిలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది గనుక ఇది సరియైన పద్ధతి. అయినా భ్రామరి ప్రాణాయామంలో అందరమూ వేళ్ళతో కళ్ళు చెవులు మూస్తుంటే, ఆమె చేతులు ఒడిలో ఉంచుకుని తుమ్మెదనాదం మాత్రం చేస్తుంది. కారం కొట్టిన రోజున మన గృహిణులూ అలాగే చేయడం క్షేమం.

ఇంటివద్ద జాగ్రత్తలు

అభ్యంగం, వ్యాయామం, నలుగు, స్నానం అన్న వరుసను పూర్వులు పాటించారు. నేను వారానికి రెండు రోజులు గోరువెచ్చని నువ్వుల నూనెను మోకాళ్ళకు, పిక్కలకు, నడుముకు మర్దించుకుని వెళ్తాను. అరికాళ్ళకు మాత్రం రాయను, రాసినా శుభ్రంగా తుడవాలి. చాపమీద జారితే మొదటికే మోసం. అజీర్ణంగా ఉన్ననాడు, జలుబు కఫం పట్టిననాడు నూనె పెట్టుకోరాదు. ఇంటికి వచ్చి సున్నిపిండితో నలుగు పెట్టుకుని వేడినీళ్ళ స్నానం చేస్తే ఒళ్ళు తేలికపడుతుంది. పెసలు, శనగలు సమానంగా, కచ్చూరాలు, బావంచాలు, కొద్దిగా పసుపుకొమ్ము కలిపి దంచిన పిండి మా ఇంట్లో వాడుక. ఇందులో బావంచాల వల్ల కొందరికి ఎండలో చర్మం కమిలి నల్లమచ్చలు వస్తాయి గనుక అటువంటివారు వాటిని విడిచిపెట్టవచ్చు.

అభ్యాసానికి ముందు కడుపు ఖాళీగా ఉండాలంటారు. మధుమేహానికి మాత్రలు గాని ఇన్సులిన్ గాని తీసుకునేవారికి ఈ నియమం అపాయకరం. వైద్యుని అడిగి కొద్దిగా ఏదైనా తిని వెళ్ళాలి, చెంగున పంచదార గాని గ్లూకోజు గాని కట్టుకోవాలి. చెమట, వణుకు, కంగారు పుడితే ఆసనం ఆపి వెంటనే నోట వేసుకోవాలి. ఛాతీలో బరువు, ఎడమచేతికి దవడకు పాకే నొప్పి కలిగితే ఇంటి చిట్కాలు వెతకక తక్షణం ఆసుపత్రికి చేరాలి. తిరిగివచ్చిన అరగంటకు నేను అల్లం, కరివేపాకు దంచివేసిన పలచని మజ్జిగ తాగుతాను. రక్తపోటువల్ల ఉప్పు వేసుకోను. మావారికి రాగిజావ ఇష్టం. వ్యాయామం చేశామన్న ధీమాతో ఇడ్లీకి తోడు ఆవకాయ, గోంగూర రెండూ వడ్డించుకునే అలవాటు మా వీధిలో కొందరికి ఉంది. ఊరగాయలోని ఉప్పుకు ఆసనాలు విరుగుడు కావు.

నాలుగు నెలలు గడిచాయి. వారానికి ఐదు రోజులు వెళ్తున్నాను. రక్తపోటు మాత్ర కొనసాగుతూనే ఉంది, వైద్యుడు చెప్పకుండా దానిని మానే ఉద్దేశం లేదు. మొన్న కార్తీకంలో తిరిగి పరీక్షించుకుంటే పదికి ఆరు మార్కులు వచ్చాయి. లేచేటప్పుడు ఒక చేయి నేలకు, ఒక చేయి మోకాలికి ఆనుతున్నాయి, మరొకరి చేయి అవసరం కాలేదు. తులసికోట వద్ద పీటమీద కూర్చుని దీపం పెట్టుకుని, నేనే లేచాను. మా కోడలు తన పంజాబీ డ్రస్సు తిరిగి అడగడం మానివేసి, నాకు రెండు కొత్తవి కుట్టించింది.

పెద్దక్కయ్య ఫోనులో ఆ లేచే పద్ధతి చెప్పమంటుంది. నేలమీద ఇప్పుడే వద్దన్నాను. ఫిజియోథెరపిస్టు అనుమతితో, మంచంమీద పక్కకు దొర్లి మోచేతి ఆధారంతో కూర్చోవడం వరకు రోజుకు పదిసార్లు సాధన చేస్తున్నది.

రాబోయే రథసప్తమికి సామూహికంగా 108 సూర్యనమస్కారాలు ఏర్పాటు చేస్తున్నామని, ఎవరెన్ని చేయగలరో పేర్లు ఇవ్వమని మా అమ్మాయిగారు పుస్తకం తెచ్చింది. మిర్చియార్డు బాబాయిగారు యాభైనాలుగని చెప్పబోయి, ఒకసారి నావంక చూసి, పన్నెండన్నారు. తలను కిందికి వంచే భంగిమలు మాని, కుర్చీ సాయంతో చేసే విధానంలో నేను ఆరు వ్రాయించుకున్నాను. తొడిమలు తీసే ఆమె, చేతులు అప్పటికి ఎంతవరకు ఎత్తగలిగితే అన్ని అంటూ, పేరు మాత్రం వ్రాసుకోమన్నది.